రమణక్క ఆకుతోటలో తొలి కోత

మా ఆయనకు సెలవు దొరికేది ఏడాదికి ఒక్కసారే, చెట్లు ఆకు రాల్చినప్పుడు. మారేడుమిల్లి అవతల కొండల మీద ఒక రబ్బరు తోటలో ఆయన సూపర్‌వైజరు. మాఘమాసం వచ్చేసరికి రబ్బరు చెట్టు ఆకంతా దులిపేసుకుంటుంది. కొత్త చిగురు ముదిరేదాకా బెరడుకు గాటు పెట్టరు, పాలు తియ్యరు. ఆ కొద్ది రోజులే మాకు పండగ. నేను అక్కడి బళ్ళో తెలుగు చెప్పి రిటైరయ్యాను కాబట్టి నాకు రోజూ సెలవేనని ఆయన అభిప్రాయం. మరి వంట ఎవరు చేస్తున్నారని అడిగితే మాట మార్చేస్తారు.

ఈసారి మా పెద్దమ్మ కూతురు రమణక్క దగ్గరికి వెళ్ళాం. తెనాలి పక్క ఊళ్ళో ఆమెకు తమలపాకు తోట ఉండేది. పోయిన వానల్లో తీగంతా మొదలు కుళ్ళి తోట నాశనమైపోయింది. అయినా ఆమె ఊరుకునే మనిషి కాదు. రేపల్లె వెళ్ళే దారిలో వేరేవాళ్ళ పొలం కౌలుకు తీసుకుని, బాపట్ల నుంచి తీగ ముక్కలు తెప్పించి కొత్త తోట నాటింది. ఆ పొలానికి మూడు వైపులా రొయ్యల చెరువులే. ఈ తోట కూడా పోతే అక్కడా చెరువు తవ్విస్తానని పొలం ఆసామి ముందే చెప్పేశాడట.

"తొలి కోతకి మీరిద్దరూ రావాలే. మీ ఆయన చెట్ల డాక్టరు కదా, ఓసారి చూసి బాగుందంటే నాకు ధైర్యం" అంది ఫోన్లో. ఆయన డాక్టరూ కాదు, కాంపౌండరూ కాదు. కానీ ఆ మాట చెవిన పడగానే చొక్కాలు ఇస్త్రీకి ఇచ్చొచ్చారు.

తెనాలిలో పొద్దున్నే

రైలు దిగేసరికి ఆకలి కరకరలాడుతోంది. మా కొండల్లో పొద్దున చోడిజావ తాగితే మధ్యాహ్నం దాకా ఇంకేమీ గుర్తు రాదు. తెనాలిలో అలా కుదరదు. వీధి మొదట్లోనే నెయ్యి వాసన చెయ్యి పట్టుకుని లాక్కుపోతుంది. స్టేషను దగ్గర ఒకావిడ నడిపే చిన్న హోటల్లో ప్లేటు ఇడ్లీ నలభై రూపాయలు. కారప్పొడి మీద నెయ్యి మాత్రం మనం అడక్కుండానే పోసేస్తుంది. వద్దంటే నొచ్చుకుంటుంది కూడా.

"ఏ ఊరండీ మనది?" అని అడిగింది. చెప్పాను. "అక్కడ బొంగులో కోడి వండుతారంట కదండీ?" అంది. అవునన్నాను. మా ఆయన ఏం చేస్తారని అడిగితే రబ్బరు తోట అని చెప్పాను. ఆవిడ "అంటే టైర్లు చెట్లకే కాస్తాయేంటండీ!" అని పకపకా నవ్వి, ఆ నవ్వుతోనే ఇంకో ఇడ్లీ వేసింది. మా ఆయన మాత్రం నవ్వలేదు. రబ్బరు పాలు ఎలా పేరబెడతారో, షీట్లు ఎలా ఆరబెడతారో మొదలుపెట్టారు. వెనక జనం నిలబడి ఉన్నారని నేనే లేపుకొచ్చాను.

రమణక్క ఊరి పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆ ఊరి ఆకు ఎవరూ కొనరని ఆమె భయం. ఇంట్లో కాఫీ తాగగానే పాత తోటకు తీసుకెళ్ళింది. గట్టు మీద చెప్పులు విప్పింది. ఆకుతోటలోకి చెప్పులతో దిగకూడదు, అది ఇక్కడి ఆచారం.

"ఇంకేం తోటక్కా, పోయింది కదా" అన్నాను.

"మనిషి పోతే ఫొటో ముందు చెప్పులేసుకుని నిలబడతావేంటే?" అంది. నోరు మూసుకుని నేనూ విప్పాను.

లోపల అవిశె చెట్లు మాత్రం పచ్చగా, తెల్లటి పూలతో నిలబడి ఉన్నాయి. వాటి మీదికే తీగ పాకించేది. ఇప్పుడు వాటికి ఎండిన తీగలు తాళ్ళలా వేలాడుతున్నాయి. జమ్ము గడ్డితో కట్టిన ముడులు ఇంకా అలాగే ఉన్నాయి. ప్రతి ముడీ రమణక్క తన చేత్తో వేసిందే. మా ఆయన ఒక మొదలు పట్టుకుని లాగారు. అది చేతిలోకే వచ్చింది, నల్లగా, మెత్తగా, కుళ్ళిన వాసనతో.

"ఇది మా రబ్బరుకి వచ్చే జబ్బుకి చుట్టమే" అన్నారు. మా దగ్గర వానల్లో పచ్చటి ఆకులు పచ్చగా ఉండగానే జలజలా రాలిపోతాయి. మాఘంలో రాలడం చెట్టుకు విశ్రాంతి, శ్రావణంలో రాలడం జబ్బు. దాన్ని తెచ్చే బూజు లాంటి క్రిమే ఇక్కడ తమలపాకు తీగ మొదలు తింటుందట. తడి ఉంటే చాలు ఈదుకుంటూ పోతుందట, లేకపోతే బురదలో దాక్కుని ఏళ్ళ తరబడి కూర్చుంటుందట. "ఈ మట్టిని నమ్మడానికి లేదు వదినా" అన్నారు.

రమణక్క తల ఊపింది. కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు తెల్లవారుతుండగా నన్ను మళ్ళీ ఆ తోటకు తీసుకెళ్ళింది. ఈశాన్యం మూల పసుపు రాసిన పిడికెడంత రాయి ఉంది. ఆ తోటకు ఆమె అమ్మవారు. కొత్త తోటలో తొలి కోతకు ముందు ఆ రాయిని అక్కడ నిలబెట్టాలట. రాయిని పెళ్ళగించి, దాని కింది తడిమట్టి కూడా కాస్త తీసి, రెంటినీ కలిపి కొత్త రవికగుడ్డలో చుట్టింది. "అమ్మని ఉత్తినే లాక్కురాకూడదు. ఆవిడ నేల ఆవిడతో రావాలి" అంది. గుడ్డ పట్టుకున్నది నేనే. ముందు రోజు మా ఆయన చెప్పిన మాట నాకు గుర్తే రాలేదు. అమ్మవారి మట్టి, తోట మట్టి ఒకటేనని ఎవరికి తోస్తుంది?

బాపట్ల, ఇసుక

కోతకు ముందు, తీగ ముక్కలు ఇచ్చిన పెద్దాయనను చూసి వెళ్దామని ముగ్గురం ప్యాసింజరు ఎక్కాం. అమ్మవారి మూట రమణక్క ఒళ్ళో ఉంది. "ఏంటది?" అన్నారు మా ఆయన. "అమ్మవారు" అన్నాను. చెయ్యెత్తి దణ్ణం పెట్టి, మళ్ళీ వేరుశనక్కాయలు ఒలుచుకోవడంలో పడ్డారు. పక్కనున్న ముసలావిడ మాత్రం కిటికీ పక్క సీటు ఖాళీ చేసి "అమ్మకి గాలి తగలనివ్వండమ్మా" అంది. జీవితంలో నాకెవరూ కిటికీ సీటు ఇవ్వలేదు.

తెనాలి నల్లమట్టి నుంచి బాపట్ల వచ్చేసరికి కాళ్ళ కింద నేలే వేరు. అంతా ఇసుక. సముద్రం వైపు సరుగుడు తోటలు వరసలు వరసలుగా ఉన్నాయి. జనం వాటి కింద ఫొటోలు దిగుతున్నారు. నాకు మాత్రం వరసగా నాటిన చెట్లంటే విసుగు. మేం కొత్తగా కాపురానికి వెళ్ళినప్పుడు మా కొండ మీద ఇప్ప, పనస, కరక, పేరు తెలియని తీగలు అన్నీ కలగలిసి ఉండేవి. ఒక చెట్టుకు తెగులొస్తే పక్క చెట్టు పట్టించుకునేది కాదు. ఇప్పుడు కొండంతా ఒకటే చెట్టు, ఒక్కదానికి జ్వరమొస్తే అన్నీ మంచమెక్కుతాయి. ఈ మాట మా ఆయనతో అంటే, ఆ చెట్టే మన పిల్లల్ని చదివించిందంటారు. అదీ నిజమే. అందుకే మా ఇంట్లో ఈ వాదన ఇంతవరకూ తెగలేదు.

రమణక్కకు తీగ ముక్కలు ఇచ్చిన పెద్దాయన తోట ఊరి బయట ఉంది. మనిషి సన్నగా, నిటారుగా ఉన్నాడు. మమ్మల్ని చూడగానే చాప వేయించి మజ్జిగ ఇప్పించాడు. తోటలోకి మాత్రం రానివ్వలేదు. దడి బయటే కూర్చోబెట్టాడు.

"ఇంత దూరం వస్తే లోపలికి రావద్దంటారేంటి బాబాయిగారూ?" అంది రమణక్క.

"కోప్పడమాకమ్మా. పోయిన తోట తొక్కి వచ్చారు గదా మీరు. నా తోట కూడా పోతే నేనెవరికి తీగ ఇవ్వను చెప్పు? నీకు పంపిన ముక్కలు కూడా వేళ్ళు కడిగి, మందులో ముంచి పంపా. ఒక్క మట్టి రవ్వ కూడా రానివ్వలేదు."

మా ఆయన ముఖం వెలిగిపోయింది. ఇద్దరూ దడి పక్కన కూర్చుని తెగులు మందుకి మైలుతుత్తం, సున్నం ఎంతెంత కలపాలో మాట్లాడుకుంటుంటే, కన్యాదానం అయిపోయాక వియ్యంకులు కబుర్లాడుకున్నట్టుంది. రమణక్క మాత్రం అక్కడి నుంచి బయటపడ్డాక కూడా గొణుగుతూనే ఉంది. "తోట చూపించని వాడు పెద్దమనిషేంటే?" అంటూ ఒళ్ళో మూట సర్దుకుంది.

మధ్యాహ్నం ఒక చిన్న హోటల్లో పీతల వేపుడు తిన్నాం. కొండ మనిషికి పీత ఎలా తినాలో ఏం తెలుస్తుంది? మా ఆయన డెక్క కొరకబోయి పెదవి కోసుకున్నారు. హోటలాయన పరిగెత్తుకొచ్చి పంచదార అద్దాడు. రక్తం ఆగింది కానీ పీత మీద ఆయన కోపం సాయంత్రం దాకా ఆగలేదు.

రేపల్లె దారిలో

చెరుకుపల్లి మీదుగా బస్సులో పోతుంటే వరి పొలాల మధ్యలో చెరువులు మొదలయ్యాయి. మొదట ఒకటీ అరా కనిపించాయి, తరవాత ఎటు చూసినా అవే. నీళ్ళను చిలికే చక్రాలు నురగ తీస్తూ తిరుగుతున్నాయి. చెరువుల పక్క పొలంలో వరి పాలిపోయి ఉంది. ఉప్పు ఊట దిగుతుందని బస్సులో ఒక రైతు చెప్పాడు. "మరి ఊరుకున్నారేంటండీ?" అన్నాను. "నాదీ చెరువేనండి" అన్నాడు సిగ్గుపడుతూ. "పక్కోడు తవ్వాక మనం వరి వేస్తే ఏం పండుద్దండీ?" మా కొండ మీద కూడా పోడు చేసుకునేవాళ్ళు ఒకరిని చూసి ఒకరు రబ్బరు మొక్క అడిగి నాటుకున్నారు. ఆయనను తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు.

రమణక్క కొత్త తోట ఆ నీళ్ళ మధ్యలో పచ్చటి పెట్టెలా ఉంది. చుట్టూ లోతుగా బోదె తవ్వించింది, చెరువుల ఊట లోపలికి రాకుండా. లోపల తీగ మనిషి ఎత్తు దాటి పాకింది. లేత ఆకు ఎండలో మెరుస్తోంది. చీకటి పడబోతోందని గట్టు మీద నుంచే చూశాం. మా ఆయన చాలాసేపు చూసి "బాగుంది వదినా" అన్నారు. ఆ ఒక్క మాటకు ఆమె ముఖం చూడాలి! ఆ రాత్రి, తోట దగ్గరే తను అద్దెకు తీసుకున్న చిన్న ఇంట్లో రొయ్యల ఇగురు వండి, ఇంకా వద్దు మొర్రో అంటున్నా వడ్డించింది. చెరువుల మీద కోపమంతా రొయ్యల మీద తీర్చుకుందామని నేనూ కాదనలేదు.

తొలి కోత

పొద్దున్నే ఆకు కోసే ఆడవాళ్ళు ఆటోలో దిగారు. ఈ పని అందరికీ రాదు. ఆకు చిరగకుండా, తీగ కదలకుండా గోటితో తుంచాలి. చుట్టుపక్కల తోటలన్నిటికీ ఈ ముఠా ఒక్కటే ఉంది. వీళ్ళ పెద్ద సువార్త. యాభై ఏళ్ళుంటాయి, గంభీరమైన మనిషి. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది కూడా తనేనట. అందరూ గట్టు మీద చెప్పులు వరసగా విప్పారు.

మా ఆయన ఊరికే పలకరించారు. "నిన్న ఎక్కడ కోశారమ్మా?"

"అటేపు తోటలో అండీ. ఏం ఆకు లెండి, సగం తీగ వాడిపోయి వేలాడతంది."

ఆయన చూపు వాళ్ళ కాళ్ళ మీద పడింది. మడమల దాకా ఎండిన బురద కనిపించింది. "ఆగండి! ఎవరూ దిగొద్దు!" అని ఒక్క కేక పెట్టారు. పాకలోకి పరిగెత్తి, ప్లాస్టిక్ బేసిన్లో మైలుతుత్తం, సున్నం నీళ్ళు కలిపి తెచ్చారు. "అందరూ ఇందులో కాళ్ళు ముంచి దిగండి. జబ్బు మీ కాళ్ళకే ఉంది."

నేను తల పట్టుకున్నాను. ముప్పై ఏళ్ళు కూలీలతో పనిచేసిన మనిషి ఆడవాళ్ళ ముందు అనే మాటేనా అది?

సువార్త కదల్లేదు. "మా కాళ్ళకేమొచ్చిందండీ?" అంది. గొంతు పెంచలేదు. "చిన్నప్పట్నించీ ఆకుతోటల్లోనే ఉన్నాం. చెప్పులిప్పి దిగమన్నారు, దిగాం. ఎండకి నేల కాలిపోతన్నా దిగాం. ఇప్పుడు ఉత్త కాళ్ళు కూడా పనికిరాలేదా?"

వెనక ఒకామె వంగి చెప్పులు తీసుకుంది. ఇంకొకామె ఆటో వైపు చూసింది. వీళ్ళు దిగితే జబ్బు దిగుతుంది. వీళ్ళు వెళ్ళిపోతే ఆకు తీగ మీదే ముదిరిపోతుంది, వేరే దిక్కు లేదు. ఎటు చూసినా తోట పోయేదే. అంతకన్నా సువార్త ముఖం చూస్తుంటే సిగ్గేసింది. ఆ మాట ఆమెకు ఎక్కడ తగిలిందో నాకు తెలుసు.

సరిగ్గా అప్పుడే రమణక్క ఇంటి నుంచి వచ్చింది. జరిగిందేమీ ఆమెకు తెలియదు. తలస్నానం చేసి, బొట్టు పెట్టుకుని, రెండు చేతుల్లో అమ్మవారి రాయి పట్టుకుని వస్తోంది. గట్టు మీదికి వచ్చి గుడ్డ విప్పగానే తడిమట్టి పెళ్ళ ఒకటి రాలి బేసిను పక్కన పడింది.

"అదెక్కడి మట్టండీ రమణమ్మగారూ?" అంది సువార్త.

"పాత తోటలోదే. అమ్మని తెచ్చుకున్నా గదా."

"ఆ తోట కుళ్ళి పోయిందే కదండీ? మీ మట్టి రావచ్చు, మా మట్టే రాకూడదా?"

మా ఆయన రాయి వైపు చూసి, నా వైపు చూశారు. "అమ్మవారని చెప్పావు, మట్టితో అని చెప్పలేదేం?" అన్నారు. రమణక్కకు విషయం అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ముఖం పాలిపోయింది.

"అమ్మకి మందేంటి మరిదిగారూ? అపచారం కదా" అంది మెల్లగా. ఆయన తల దించుకున్నారు. బలవంతం చెయ్యలేదు. అది ఆమె తోట, ఆమె అమ్మవారు.

రమణక్క తీగల వైపు చూసింది. అప్పుడు వంగి, కింద పడిన మట్టి పెళ్ళ ఏరి గుడ్డలో మూట కట్టి నా చేతికిచ్చింది. "పొయ్యిలో వెయ్యి" అంది. తరవాత రాయిని రెండు చేతులతో పట్టుకుని బేసిన్లో ముంచింది. "అమ్మా, తప్పయితే నా మీద వెయ్యి, తోట మీద కాదు" అంటూ ఏడ్చేసింది.

రాయి పైకి తీస్తే పసుపంతా ఎర్రగా అయిపోయి ఉంది. సున్నం తగిలితే పసుపు ఎర్రబడుతుందని చెప్పడానికి మా ఆయన నోరు తెరిచారు. నేను గిల్లాను. "పారాణి పెట్టుకుంది అమ్మ" అంది రమణక్క. ఏడుస్తూనే నవ్వింది.

రాయిని పక్కన పెట్టి, చీర కుచ్చిళ్ళు ఎత్తి తన కాళ్ళు బేసిన్లో పెట్టింది. తరవాత నన్ను, మా ఆయనను నిలబెట్టింది. ఆఖర్న తనే వెళ్ళి సువార్త ఎదురుగా నిలబడింది. "ముంచాల్సింది నేనే ముందు, సువార్తా. ఆయన మాట తీరు అంతే, మనసులో పెట్టుకోకు" అంది.

"ఆ మాట బాగాలేదండీ" అంది సువార్త మా ఆయనతో.

"తప్పేనమ్మా" అన్నారాయన. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మాట ఆయన నోట నేను వినడం అదే మొదలు.

సువార్త బేసిన్లో అడుగు పెట్టింది. "అమ్మో, చల్లగుందే!" అనేసరికి వెనకున్న ఆడవాళ్ళంతా ఫక్కున నవ్వారు. ఒక్కొక్కరే నీలం పాదాలతో తోటలోకి దిగారు. మధ్యాహ్నానికి గంపలు నిండాయి. తొలి కట్ట అమ్మవారి ముందు పెట్టి, రెండో కట్ట సువార్త చేతికిచ్చింది రమణక్క.

ఇంటికొచ్చాక

ఇది రాస్తున్నప్పుడు బయట వాన కురుస్తోంది. మా కొండ మీద పచ్చటి ఆకులు రాలడం మొదలైంది, మా ఆయన పొద్దున్నే గొడుగేసుకుని వెళ్ళిపోయారు. నిన్న రమణక్క ఫోన్ చేసింది. అక్కడ కూడా ముసురేనట. గట్టు వారన కొన్ని తీగలు వాడితే మొదలంటా పీకి కాల్చేసిందట. మిగతా తోట నిలబడే ఉంది. పొలం ఆసామి వచ్చి చూసి, చెరువు మాట ఎత్తకుండా ఓ కట్ట ఆకు పట్టుకెళ్ళాడట.

సువార్త ముఠా సంగతి అడిగాను. వాళ్ళిప్పుడు మందునీళ్ళ బేసిను లేని తోటలో దిగడం లేదట. బేసిను ఉన్నా చాలదట, ముందు ఆసామి కాళ్ళు ముంచాలి, ఆ తరవాతే వాళ్ళు. మొన్న ఒక పెద్ద రైతు, నా తోటలో నేను కాళ్ళు కడుక్కోవడమేంటని గట్టిగా అరిచాడట. వీళ్ళు మాట్లాడకుండా ఆటో ఎక్కి వెళ్ళిపోయారట. మధ్యాహ్నానికి ఆయనే కబురు పెట్టి పిలిపించి, పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టి బేసిన్లో నిలబడ్డాడట. సువార్త పక్కనే చేతులు కట్టుకుని నిలబడి, "ఇంకాసేపుండండి" అందట.